వెదురుకు కట్టిన చీటీ

సెందాయ్
ఏప్రిల్ 12

సృజీకి,

ఫోన్ చేస్తే నువ్వు "ఊఁ", "ఆఁ", "బానే ఉన్నా" తప్ప నాలుగో మాట మాట్లాడవు. కాగితం దొరికితే మాత్రం పేజీలు నింపుతావు. ఏలూరు కాన్వెంటు హాస్టల్లో పక్కమంచం మీద ఉండి కూడా చీటీలు రాసి నా దిండు కింద పెట్టేదానివి. అందుకే నేనూ ఈ స్టాంపులు అంటించే పని మానలేదు. ఇక్కడి పోస్టాఫీసు అమ్మాయి నన్ను చూడగానే "ఆస్ట్రేలియా?" అని తూకం యంత్రం ముందుకి జరుపుతుంది.

ఈ వారమంతా చెర్రీ పూలు. పది రోజులు ఉంటాయి, అంతే. ఆ పది రోజులూ ఊరు ఊరంతా చెట్ల కిందే. ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్ళని తెల్లవారగానే పార్కుకి పంపుతారు. వాళ్ళు చెట్టు కింద నీలం పట్టా పరిచి, సాయంత్రం మిగతావాళ్ళు వచ్చేదాకా దాని మీద కూచుంటారు. మనం బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టేవాళ్ళం చూడు, అదే పని. కాకపోతే ఇక్కడ ఎవరూ రుమాలు తీసి అవతల పారెయ్యరు.

మా వృద్ధాశ్రమంలో పద్దెనిమిది మందిని చక్రాల కుర్చీల్లో తీసుకెళ్ళాం. సాతో బామ్మకి తొంభై ఒకటి. పూలకేసి చూడదు, చూసేవాళ్ళకేసి చూస్తుంది. వెళ్ళేముందు అందరూ ఒకరికొకరు "వచ్చే ఏడు కూడా చూద్దాం" అని చెప్పుకుంటారు. ఆ వయసులో ఆ మాట అంత తేలిగ్గా ఎలా అంటారో నాకు అర్థం కాదు.

నా సంగతి. జనవరి చివరి ఆదివారం మా ఉద్యోగానికి జాతీయ పరీక్ష ఉంది. పాసైతే ఎన్నాళ్ళయినా ఇక్కడ ఉండొచ్చు. తప్పితే రెండేళ్ళలో పెట్టె సర్దుకోవాలి. ప్రశ్నపత్రం అంతా జపనీస్‌లోనే. డ్యూటీ దిగాక రోజుకి ఇరవై అక్షరాలు నేర్చుకుంటున్నాను.

ఒక్కోసారి అనిపిస్తుంది. నాలుగేళ్ళ కిందట పెర్త్ యూనివర్సిటీలో నాకు సీటు వచ్చినప్పుడు మీ అత్తయ్యగారింట్లో గది ఉండుంటే, ఈ అక్షరాలన్నీ తప్పేవి. తెలిసిన ఇంట్లో ఉంటేనే పంపుతానని నాన్న పట్టుపట్టారు. నువ్వు గది లేదని రాశావు. సీటు పోయింది. నిన్ననడం లేదులే. లేని గది నువ్వు మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తావు?

జవాబు రాయి.

నీ నీరజ

---

కానింగ్ వేల్, పెర్త్
మే 9

నీరజకి,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. రుమాలు దగ్గర నవ్వొచ్చింది. సుగుణత్త కూతురు రుచిత విని ఎందుకని అడిగింది. పన్నెండేళ్ళది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెబుతుంది. బస్సు సీటు సంగతి విడమర్చి చెప్పాను. "బట్ వాట్ ఇఫ్ సమ్‌వన్ నీడ్స్ ఇట్ మోర్?" అంది. రుమాలు వేసినవాళ్ళదే సీటు అన్నాను. దానికి నచ్చలేదు.

లైబ్రరీలో పని మామూలే. తిరిగొచ్చిన పుస్తకాలు పెట్టెలోంచి తీసి, దులిపి, బల్ల మీద పేరుస్తాను. మధ్యలో ఏవేవో దొరుకుతాయి. బస్సు టికెట్టు, ఎండిన ఆకు, డాక్టరు రాసిచ్చిన మందుల కాగితం, ఒకసారి సగం రాసిన ఉత్తరం. వాటిని చదవకుండా సొరుగులో వెయ్యాలి. మూడు నెలలు ఎవరూ అడగకపోతే పారెయ్యాలి. చదవకుండా ఎప్పుడూ వెయ్యలేదు నేను. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

పిల్లలకి తెలుగులో కథలు చెప్పమన్నారు. నెలకొక శనివారం. మొదటిరోజు నలుగురు పిల్లలొచ్చారు, తల్లులు ఏడుగురు. నా గొంతు నాకే వినపడలేదు. నువ్వయితే బల్ల ఎక్కి చెప్పేదానివి.

చలి మొదలైంది. పెరట్లో నిమ్మచెట్టు విరగకాసింది. అత్తయ్య సంచుల్లో పోసి వీధంతా పంచుతోంది.

గది మాట రాశావు. ఏం చెప్పాలో తెలియదు. ఇల్లు చిన్నదే. నాకూ బాధగానే ఉంటుంది.

పరీక్షకి బాగా చదువు.

సృజన

---

సెందాయ్
ఆగస్టు 2

సృజీకి,

ఆలస్యమైంది, తిట్టకు. మే నెలలో ఇక్కడ పిచ్చుకల నాట్యం. రెండు చేతుల్లో రెండు విసనకర్రలు పట్టుకుని, పిచ్చుకలు గింజలు ఏరుకున్నట్టు గెంతుతూ వీధంతా వెళ్ళాలి. మా ఆశ్రమం తరఫున నేనూ దిగాను. తప్పు దిక్కుకి తిరిగి ముందు వరుసలో ఒకావిణ్ణి ఢీకొన్నాను. ఆవిడే వంగి వంగి నాకు క్షమాపణ చెప్పింది. ఈ ఊళ్ళో తప్పు ఎవరిదో తేల్చుకోవడం చాలా కష్టం.

ఇప్పుడు అసలు పండగ. తానాబాతా. ఆకాశంలో నదికి ఆ ఒడ్డున ఒక చుక్క, ఈ ఒడ్డున ఒక చుక్క ఉన్నాయట. ఏడాదికి ఒక్కరాత్రి కలుసుకుంటాయట. ఇక్కడ ఆగస్టు ఆరు నుంచి మూడు రోజులు చేస్తారు. బజారంతా ఇంత పొడవు వెదురు బొంగులు వంచి, వాటికి కాగితపు జాలర్లు వేలాడదీస్తారు. నడుస్తుంటే నెత్తికి తగులుతాయి, చేత్తో పక్కకి తోసుకుని పోవాలి. ఏటా మూడింట్లో ఒక్కరోజైనా వాన పడుతుందట, అందుకని ప్లాస్టిక్ కప్పి ఉంచుతారు.

అలంకారాలు ఏడు రకాలు. కాగితపు కొంగలు ఆయుష్షుకి. కాగితపు చొక్కా కుట్టుపని వంటబట్టడానికి. వల చేపలకి. నాకు నచ్చింది మాత్రం చెత్తబుట్ట. మిగతా ఆరూ చేశాక మిగిలిన ముక్కలన్నీ ఏరి, కాగితపు బుట్టలో వేసి, దాన్నీ వాటి పక్కనే కడతారు. పారెయ్యరు. సాతో బామ్మ నెలరోజులుగా కొంగలు మడుస్తోంది. చేతులు వణుకుతాయి, అయినా రెక్క అంచుకి అంచు కలవకపోతే విప్పేసి మళ్ళీ మొదలు పెడుతుంది.

ఏడోది చీటీ. వేలెడు వెడల్పు రంగుకాగితం మీద కోరిక రాసి వెదురు కొమ్మకి కట్టాలి. బజారు మొదట్లో ఎవరైనా కట్టుకోవడానికి ఒక వెదురు పెడతారు. ఆరో తారీకు పొద్దున్నే వెళ్ళి కడతాను. ఇప్పటికే రాసి పెట్టుకున్నాను. తెలుగులో రాశాను. పది లక్షల మంది ఉన్న ఊళ్ళో అది చదవగలిగేదాన్ని నేనొక్కదాన్నే. నడివీధిలో కట్టినా పెట్టెలో పెట్టి తాళం వేసినట్టే.

ఏం రాశానో నీకు చెప్పను. చెబితే అది కోరిక కాదు, అడగడం అవుతుంది.

నీ నీరజ

---

కానింగ్ వేల్
ఆగస్టు 30

నీరజకి,

ఉత్తరం అందింది. చెత్తబుట్ట సంగతి నాకూ నచ్చింది.

మా వీధిలో చందు, సింధుజ అని కొత్తగా పెళ్ళయినవాళ్ళున్నారు. జపాన్ తిరిగొచ్చారు. మీ ఊరూ చూశారట. పోయిన ఆదివారం భోజనానికి వచ్చి ఫొటోలు చూపించారు. కాగితపు జాలర్లు బాగున్నాయి.

నీకొక సంగతి చెప్పాలి. చాలా రోజులుగా చెప్పాలనుకుంటున్నాను.

హాస్టల్లో శుక్రవారం సాయంత్రం కాథలిక్ పిల్లలు పాపసంకీర్తనానికి, అంటే ఫాదరుకి తమ తప్పులు చెప్పుకోడానికి, చాపెల్ లోపలికి వెళ్ళేవాళ్ళు. మనిద్దరం బయట వరండా మెట్ల మీద కూచునేవాళ్ళం. "మనకి చెప్పుకోడానికి చోటు లేదే, అన్నీ మోసుకు తిరగాల్సిందే" అని నువ్వు నవ్వేదానివి. ఈ మధ్య అది పదే పదే గుర్తొస్తోంది.

గది ఉంది, నీరజా. అప్పుడూ ఉంది. వెనకవైపు, అత్తయ్య కుట్టుమిషను ఉన్న గది. ఎవరూ పడుకోరు. నేను గది లేదని నీకు రాసిన రోజున అది ఖాళీగానే ఉంది. నేను అత్తయ్యని అడగలేదు. వచ్చి ఎనిమిది నెలలే అయింది, వాళ్ళింట్లో నేనే ఒక బరువు, ఇంకొకరి కోసం ఎలా అడగడమని బిడియపడ్డాను. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకున్నాను. నీ నుంచి మూడో ఉత్తరం వచ్చేసరికి, లేదని రాయడం అడగడం కన్నా తేలికైంది. మేలో నువ్వు ఆ మాట ఎత్తినప్పుడు కూడా ఇల్లు చిన్నదని రాశాను. నాలుగు పడక గదుల ఇల్లు ఇది.

నీ చదువు, నీ నాలుగేళ్ళు నా వల్ల పోయాయి. ఇంతకాలం దాచినందుకు క్షమించమని అడిగే ముఖం లేదు.

ఇది నా అంతట నేనే రాస్తున్నాను.

సృజన

---

సెందాయ్
అక్టోబరు 11

ప్రియమైన సృజీ,

నీ ఉత్తరం వచ్చి నెలైంది. రోజూ చేతిసంచిలో పెట్టుకుని డ్యూటీకి వెళుతున్నాను. మడతల దగ్గర చిరిగితే టేపు వేశాను.

గది ఉందని నాకు మొదటినుంచీ తెలుసు. నువ్వే రాశావు. పెర్త్ వెళ్ళిన కొత్తలో, నాకింకా సీటు రాకముందు. "వెనక ఒక ఖాళీ గది ఉంది, కిటికీలోంచి నిమ్మచెట్టు కనిపిస్తుంది, మధ్యాహ్నాలు అక్కడ కూచుని చదువుకుంటాను" అని. నువ్వు మర్చిపోయావు, నేను మర్చిపోలేదు. నీ ఉత్తరాలు అన్నీ దాచుకునేదాన్ని కదా. గది లేదని నువ్వు రాసింది అందిన రోజున ఆ పాత ఉత్తరం తీసి పక్కన పెట్టి చదివాను. ఏడవలేదు. నాన్నకి చూపించలేదు. నేనే అడిగెయ్యొచ్చు. కానీ అడిగితే నువ్వు ఒప్పుకుంటావు, చెప్పినట్టు కాదు. నాకు నువ్వు చెప్పడం కావాలి.

చీటీ మీద అదే రాశాను. "గది సంగతి సృజన తనంతట తానే చెప్పాలి." ఆరో తారీకు కట్టాను. ముప్పయ్యో తారీకున నువ్వు రాశావు, నా మాటే నువ్వూ రాశావు, "నా అంతట నేనే" అని. చదువుతూ పోస్టాఫీసు మెట్ల మీదే కూచుండిపోయాను. నాకు దేవుడి మీద గురి తక్కువని నీకు తెలుసు. ఆ రోజు వెదురు ఉన్నచోటికి వెళ్ళి, ఖాళీ స్తంభానికి దణ్ణం పెట్టాను.

మొన్న ఆదివారం హిరోసే నది ఒడ్డుకి వెళ్ళాం. శరదృతువు రాగానే ఇక్కడ అందరూ కట్టెలూ కుండలూ మోసుకుపోయి, నది పక్కన రాళ్ళపొయ్యి మీద చామదుంపల కూర వండుకుంటారు. అందులో పంది మాంసం వేస్తారు. నేను పక్కన చిన్న గిన్నెలో చింతపండు రసం పోసి పులుసు పెట్టాను. సాతో బామ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "నీ ఊరు చాలా పుల్లగా ఉంటుంది" అంది. అయినా ఇంకో చెంచా అడిగింది.

ఇక అసలు మాట. ఇక్కడి పరీక్ష రాయను. అప్పట్లో నువ్వు మీకు తెలిసిన మల్లికార్జున అంకుల్ పనిచేసే వృద్ధాశ్రమం గురించి రాశావు, నా అనుభవం ఉన్నవాళ్ళు కావాలని. ఆయనకి కాగితాలు పంపాను. తీసుకుంటామన్నారు. వీసాకి ఆరునెలలు పడుతుందట. ఇప్పుడు నాకు గది అవసరం లేదు, అద్దెకి దొరుకుతుంది. అయినా ముందు ఆ కుట్టుమిషను గదిలోనే దిగుతాను. అత్తయ్యగారిని ఇప్పుడైనా అడుగుతావా?

నీ నీరజ

---

కానింగ్ వేల్
నవంబరు 8

నీరజకి,

అత్తయ్యని అడిగాను. సరే అంది. మరుసటి రోజే కుట్టుమిషను హాల్లోకి జరిపించింది. మామయ్య గోడకి రంగు వేస్తున్నారు. రుచిత తన పాత బల్లదీపం తెచ్చి అక్కడ పెట్టింది.

వీధి పొడుగునా జకరండా చెట్లు పూస్తున్నాయి. ఊదారంగు. రాలిన పూలు చెప్పులకి అంటుకుని ఇంట్లోకి వస్తాయి. ఇక్కడ ఎవరూ పట్టా పరిచి కూచోరు.

పరీక్ష కూడా రాసి ఉంచుకుంటే మంచిదేమో ఆలోచించు. ఇంత చదివావు.

ఇంకా రాయాలని ఉంది. కుదరడం లేదు.

సృజన

---

సెందాయ్
డిసెంబరు 14

ప్రియమైన సృజీ,

నీ ఉత్తరం మరీ ఇంతేనా? సిగ్గేమిటే ఇంకా. చెప్పాల్సింది చెప్పేశావుగా, ఇక ధైర్యంగా పేజీలు నింపు.

ఇక్కడ దీపాల పండగ. పెద్దవీధిలో చెట్లన్నీ ఆకులు రాల్చి నిలబడ్డాక, ఒక్కో కొమ్మకీ చిన్న చిన్న దీపాలు చుడతారు. సాయంత్రం అన్నీ ఒక్కసారి వెలుగుతాయి. ఆ క్షణం జనమంతా "ఆ..." అంటారు, నెమ్మదిగా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా. లక్షల దీపాల్లో ఒక్కటే గులాబీరంగుదని, అది కనిపిస్తే మంచి జరుగుతుందని ఇక్కడ అనుకుంటారు. మెడ నొప్పెట్టేదాకా చూశాను. కనపడలేదు. నాకు అవసరం లేదని అక్కడే వదిలేశాను.

పరీక్ష పుస్తకాలు కట్టగట్టి, కొత్తగా వచ్చిన నేపాలీ అమ్మాయికి ఇస్తానని చెప్పాను. జనవరి ఇరవయ్యయిదు పరీక్ష. వెళ్ళను. మా మేనేజరుగారు ఇంకోసారి ఆలోచించమని అడిగింది. నా స్నేహితురాలు పిలిచింది అని చెప్పాను. ఆ మాట జపనీస్‌లో చెప్పడానికి మూడేళ్ళు నేర్చుకున్నట్టనిపించింది.

సాతో బామ్మ నా దగ్గర తెలుగులో ఒక్క మాట నేర్చుకుంది. "రా." నేను గదిలోకి వెళ్ళినప్పుడల్లా అంటుంది.

నీ నీరజ

---

కానింగ్ వేల్
డిసెంబరు 28

నీరజకి,

ఇది త్వరగా అందే పోస్టులో పంపుతున్నాను. ఇరవయ్యయిదు లోపల నీ చేతికి అందాలి. పుస్తకాలు ఇంకా ఇచ్చి ఉండకపోతే ఇవ్వకు. ఇచ్చి ఉంటే అడిగి తెచ్చుకో. ముందు ఇది చదువు.

నీ చీటీ నేను చూశాను.

చందు వాళ్ళు ఫొటోలు చూపించారని ఆగస్టులో రాశాను. అంతవరకు రాసి ఆపేశాను. ఆ రోజు జరిగింది ఇది. భోజనాలయ్యాక చందు టీవీకి ఫోను కలిపాడు. జాలర్లు, గుడి, రైలు, నూడుల్స్ గిన్నెలు. తర్వాత ఒక వెదురు కొమ్మ, దాని నిండా చీటీలు. "ఇదిగో ఆంటీ, అసలు విశేషం ఇదీ. జపాన్‌లో తెలుగు!" అని పెద్దది చేశాడు. పసుపు కాగితం. పైకి చదివి వినిపించాడు. అందరూ నాకేసి తిరిగారు.

"ఏం సృజనా, నీ సంగతులు జపాన్ దాకా పాకాయే" అన్నాడు చందు. సింధుజ నవ్వింది. నేను కాదన్నాను. ఆ పేరు చాలామందికి ఉంటుందన్నాను. మంచినీళ్ళు తెస్తానని లేచాను.

నీ రాత నాకు తెలియదా? ఆ తలకట్లు విడిగా పక్షిరెక్కల్లా పెట్టేదానివని సిస్టర్ ఫిలోమినా నీ చేత వందసార్లు రాయించింది.

అత్తయ్య నా వెనకే వంటింట్లోకి వచ్చింది. దసరాకి నువ్వు పంపే కార్డులు చూసి ఉంది, తనూ గుర్తుపట్టింది. "ఏ గదమ్మా?" అని అడిగింది. చెప్పాను. ఆమె కోప్పడలేదు. "అడిగితే నేను కాదంటానా? ఆ మిషను జరిపితే సరిపోయేది కదే" అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

ఆరు రోజుల తర్వాత నీకు ఉత్తరం రాశాను. నువ్వు కోరుకున్న మాట తెలిసి రాశాను. "నా అంతట నేనే" అని నీ చీటీలోంచి తీసి నీకే రాశాను. నువ్వు దండం పెట్టిన స్తంభం ఏమీ చెయ్యలేదు. చందు ఫోను చేసింది.

ఆ ఉత్తరంలో ఇంకో అబద్ధం ఉంది. బిడియం వల్ల అత్తయ్యని అడగలేదని రాశాను. అత్తయ్య కాదంటుందని కాదు నీరజా, సరే అంటుందని భయపడ్డాను. హాస్టల్లో మనిద్దరం ఎక్కడికెళ్ళినా ముందు నిన్ను పలకరించేవాళ్ళు. నా బదులు నువ్వే మాట్లాడేదానివి. అది నాకు హాయిగానే ఉండేది. ఇక్కడికి వచ్చాక మొదటిసారి జనం నాకేసి చూసి, నా జవాబు కోసం ఆగారు. నువ్వు వస్తే అది పోతుందనుకున్నాను. నువ్వు రావడం నాకు ఇష్టం లేకపోయింది. ఇదీ నిజం. ఇంతకన్నా లోపల ఇంకేమీ లేదు, వెతికాను.

పట్టుబడ్డాక చెప్పేది సంకీర్తనం కాదు, సంజాయిషీ అని సిస్టర్ ఆ పిల్లలకి చెప్పేది. మెట్ల మీద కూచున్న మనకీ వినపడేది. నీ అక్టోబరు ఉత్తరం వచ్చినప్పుడే చెప్పాల్సింది. నువ్వు అంత సంతోషంగా ఎప్పుడూ రాయలేదు. దాన్ని చెడగొట్టడం నా వల్ల కాలేదనుకున్నాను. అదీ నిజం కాదు. నువ్వు నన్ను మంచిదాన్ననుకోవడం నాకు బాగుంది.

పరీక్షకి వెళ్ళు. నిజంగా నీదైనది అది. నేను ఇలా పిలిచిన ఇంటి కోసం దాన్ని వదులుకోకు. అన్నీ తెలిశాక కూడా వస్తానంటే గది సిద్ధంగా ఉంది. రాకపోతే, ఎందుకని అడగను.

సృజన

---

కానింగ్ వేల్
ఏప్రిల్ 3

నీరజకి,

జవాబు కోసం రాయడం లేదు.

పరీక్ష ఫలితాలు వచ్చి ఉంటాయి. పాసయ్యావనే అనుకుంటున్నాను. మల్లికార్జున అంకుల్ నిన్న కనిపించి, నువ్వు రావడం లేదని మెయిల్ పంపావని చెప్పారు. నాకు చెప్పలేదా అని ఆశ్చర్యపోయారు. ఉత్తరం దారిలో ఉందేమో అన్నాను.

మీ ఊళ్ళో పూలు వచ్చే రోజులు. సాతో బామ్మని తీసుకెళతావు కదా.

కుట్టుమిషను మళ్ళీ లోపల పెట్టమంటావా అని మామయ్య నన్నడిగారు. హాల్లోనే ఉండనివ్వండి అన్నాను. అత్తయ్య అక్కడే ఇరుకులో కూచుని కుడుతోంది.

లైబ్రరీలో కథల శనివారానికి ఇప్పుడు పదిహేనుమంది పిల్లలు వస్తున్నారు. పోయినవారం రెండు నక్షత్రాల కథ చెప్పాను. వాన పడితే నది పొంగి కలుసుకోలేవని చెబితే, "దెన్ వాట్?" అని అడిగింది ఒక పిల్ల. మరుసటి ఏడాది దాకా ఆగుతాయన్నాను. నా గొంతు చివరి వరసకి వినపడింది.

సృజన

---

సెందాయ్
ఆగస్టు 9

సృజనకి,

పాసయ్యాను. నీ ఉత్తరం జనవరి ఆరున వచ్చింది. పద్దెనిమిది రోజులు నిద్ర మానుకుని చదివాను. పుస్తకాలు అప్పటికింకా ఇచ్చెయ్యలేదు. కోపంతో చదివితే అక్షరాలు బాగా పడతాయని అప్పుడు తెలిసింది.

సాతో బామ్మ మార్చిలో పోయింది. ఈ ఏడు పూలు చూడలేదు. పోయిన ఏడాది మడిచిన కొంగలు రెండు పెట్టెల నిండా మిగిలాయి. మొన్న పండగకి మా ఆశ్రమం వెదురుకి అవే కట్టాం.

నీకు జవాబు ఎందుకు రాయలేదో రాయాలి. చాలాసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నువ్వు వద్దనుకున్నందుకు కాదు. అది నాకు ఎప్పుడో తెలిసి ఉండాలి. పక్కమంచం మీద ఆరేళ్ళు పడుకున్నదాన్ని, నీ బదులు నేను మాట్లాడుతూ ఉంటే నువ్వు ఏమనుకుంటున్నావో ఒక్కసారీ అడగలేదు. ఆ తప్పు నాది. అది రాసి నీకు పంపాలనుకున్నాను, ఇదిగో పంపుతున్నాను.

నన్ను పట్టుకున్నది ఇంకొకటి. డిసెంబరు ఉత్తరం రాయమని నిన్నెవరూ అడగలేదు. దానికి ఎవరూ ఫొటో చూపించలేదు. నువ్వు నోరు మూసుకుని ఉంటే నాకెప్పటికీ తెలిసేది కాదు, ఈపాటికి నేను నీ పక్క గదిలో ఉండేదాన్ని. అది మాత్రం నువ్వు నీ అంతట నువ్వే రాశావు. చీటీ మీద కోరుకున్నది అక్షరాలా జరిగింది. జరిగిందని నాకు తెలుసు. కానీ సంతోషమంతా ముందు వచ్చిన ఉత్తరానికే పెట్టేశాను, సృజనా. మెట్ల మీద కూచుని, స్తంభానికి మొక్కి, మేనేజరుగారికి గొప్పగా చెప్పుకుని, అంతా దానికే అయిపోయింది. అసలుది వచ్చేసరికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఏడు నెలలు ఆగి చూశాను, మళ్ళీ ఊరుతుందేమోనని.

పెర్త్ రాను. ఇక్కడే ఉంటాను. అత్తయ్యగారిని కుట్టుమిషను లోపల పెట్టుకోమను. పాపం, ఇరుకులో ఎందుకు.

కథల శనివారం సంగతి రెండుసార్లు చదివాను. చివరి వరస దాకా వినపడిందని రాశావే, అది బాగుంది.

ఆరో తారీకున బజారు మొదట్లో మళ్ళీ వెదురు పెట్టారు. నేనూ ఒక చీటీ రాశాను. ఈసారి జపనీస్‌లో రాశాను, దారిన పోయేవాళ్ళెవరైనా చదువుకోవచ్చు. వాన పడుతోంది. కొమ్మ ఎత్తుగా ఉంది, అందలేదు. పక్కన నిలబడ్డ ఒకావిడ నా చేతిలో చీటీ చదివింది. గొడుగు నేల మీద పెట్టి, రెండు చేతులా కొమ్మని వంచి, నేను ముడి వేసేదాకా పట్టుకుంది.

నీరజ